అమ్మానాన్నలు ఇద్దరే న్యూయార్క్ సబ్‌వేలో తిరిగి రాగలరా?

మీరు అడిగింది ఇది. అమ్మగారు, నాన్నగారు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మీ ఇంటికి వస్తున్నారు. నాన్నగారికి 68, అమ్మగారికి 63, ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. శని, ఆదివారాలు మీరు దగ్గరుండి తిప్పుతారు కానీ మంగళ, బుధవారాలు ఆఫీసు తప్పదు. ఆ రెండు రోజులూ వాళ్ళిద్దరే న్యూయార్క్ వెళ్ళి, సబ్‌వేలో, అంటే అక్కడి మెట్రో రైళ్ళలో తిరిగి, సాయంత్రానికి ఇల్లు చేరగలరా, భయమేమీ లేదా అని. హైదరాబాద్ మెట్రో ఎక్కిన అలవాటు ఉంది, ఇంగ్లిష్ చదువుతారు, మాట్లాడటానికి మాత్రం మొహమాటపడతారు అన్నారు.

చేరగలరు. నేను న్యూయార్క్‌లోనే క్వీన్స్ అనే ప్రాంతంలో ఉంటాను. 19 ఏళ్ళుగా రోజూ సబ్‌వేలోనే నగరం నడిబొడ్డయిన మాన్‌హాటన్ వెళ్ళి వస్తున్నాను. మా అమ్మానాన్నలు, మా అత్తగారు, మామగారు, గుడివాడ నుంచి వచ్చిన మా పెద్దమ్మ, అందరూ ఈ రైళ్ళలో తిరిగినవాళ్ళే. మా నాన్నయితే 71వ ఏట ఒక్కరే వెళ్ళి క్వీన్స్‌లోని ఫ్లషింగ్ గుడిలో గణపతిని చూసి వచ్చేవారు. అయితే పంపే ముందు ఒక విషయం వాళ్ళకు బాగా వంటబట్టించాలి. ఇది చెప్పకుండా మ్యాప్ చేతిలో పెడితే లాభం లేదు.

హైదరాబాద్‌లో మియాపూర్ – ఎల్బీ నగర్ లైన్ ప్లాట్‌ఫాం మీద నిలబడితే, వచ్చే ప్రతి రైలూ అదే దారిన పోతుంది, ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతుంది. రంగు చూసుకుని ఎక్కితే చాలు. న్యూయార్క్‌లో అలా కాదు. ఒకే ప్లాట్‌ఫాం మీదికి, ఒకే పట్టాల మీద, ఒకే రంగు గుర్తుతో రెండు వేర్వేరు రైళ్ళు వస్తాయి. కాసేపు కలిసి వెళ్ళి తర్వాత చెరో దారి పడతాయి. మెట్రో అలవాటు ఉన్నవాళ్ళు తప్పిపోయేది సరిగ్గా ఇక్కడే. రంగు చూస్తారు, అక్షరం చూడరు.

మీ ఊరి నుంచి వచ్చేవాళ్ళు దిగేది మాన్‌హాటన్‌లో 34 స్ట్రీట్ దగ్గరి పెన్ స్టేషన్‌లో కాబట్టి ఆ ఉదాహరణే చెబుతాను. అక్కడ ఎయిత్ అవెన్యూ వైపు 'ఏ', 'సి', 'ఈ' అని మూడు రైళ్ళు ఉన్నాయి. మూడింటిదీ నీలం రంగే. నాన్నగారు న్యాచురల్ హిస్టరీ మ్యూజియం చూడాలనుకున్నారనుకోండి. 'సి' ఎక్కాలి, ఐదో స్టాపు 81 స్ట్రీట్, మ్యూజియం పక్కనే. అదే ప్లాట్‌ఫాం మీదికి 'ఈ' కూడా వస్తుంది. అది ఎక్కితే 50 స్ట్రీట్ దాకా అంతా సరిగ్గానే ఉన్నట్టు ఉంటుంది. తర్వాత రైలు తూర్పుకు తిరిగి, నది కిందుగా క్వీన్స్‌లోకి వెళ్ళిపోతుంది. పొరపాటున 'ఏ' ఎక్కితే, అది ఎక్స్‌ప్రెస్. 59 స్ట్రీట్‌లో ఆగాక మళ్ళీ ఆగేది హార్లెమ్‌లో, 125 స్ట్రీట్‌లోనే. మ్యూజియం కళ్ళ ముందే దాటిపోతుంది.

అందుకని రైలు ఎక్కే ముందు మూడు ప్రశ్నలు అలవాటు చేయండి. పైకా, కిందికా? ఏ అక్షరం లేదా ఏ అంకె? నేను దిగే చోట ఇది ఆగుతుందా?

మొదటిదానికి సులువైన లెక్క ఉంది. మాన్‌హాటన్‌లో చాలా భాగం వీధులకు అంకెలే పేర్లు. ఉన్న చోటి కంటే వెళ్ళే చోటి అంకె పెద్దదైతే అప్‌టౌన్, చిన్నదైతే డౌన్‌టౌన్. 34 నుంచి 81కి వెళ్ళాలి, అంకె పెరుగుతోంది, కాబట్టి అప్‌టౌన్. ఒక్కసారి చెబితే మా పెద్దమ్మకు పట్టుబడింది. ఆవిడ చదివింది ఏడో తరగతి. రెండోదానికి రైలు ముందు, పెట్టెల పక్కన గుండ్రటి గుర్తులో పెద్దగా రాసి ఉంటుంది. ప్లాట్‌ఫాం బోర్డు మీద రాబోయే రైలు ఏదో, ఎన్ని నిమిషాల్లో వస్తుందో కనిపిస్తుంది. ప్లాట్‌ఫాం బోర్డును నమ్మొచ్చు కానీ ఆఖరి మాట మాత్రం రైలు మీది అక్షరానిదే. మూడోదానికి మ్యాప్‌లో స్టేషన్ పేరు దగ్గర రాసిన రైలు గుర్తులు చూడాలి. మీరు ఎక్కే రైలు అక్షరం అక్కడ ఉంటే ఆగుతుంది, లేకపోతే ఆగదు.

ఇక్కడ మన భాషతో ఒక చిక్కు ఉంది. మా అమ్మ ఒకసారి ఫోన్ చేసి "రైలెక్కామురా" అంది. "ఏ ట్రైన్ అమ్మా?" అన్నాను. "ఏ ట్రైనే" అంది. నేను అడిగింది ఏ రైలు అని, ఆవిడ చెప్పింది అక్షరం. 'ఈ' రైలుదీ ఇదే గొడవ, "ఈ ట్రైన్" అంటే ఎదురుగా ఉన్నదనుకుంటారు. ఆ తర్వాత మా ఇంట్లో "ఏ ఫర్ యాపిల్", "ఈ ఫర్ ఎలిఫెంట్" అని చెప్పుకోవడం మొదలుపెట్టాం. మీరూ అలాగే చెప్పండి, ఫోన్‌లో బాగా పనికొస్తుంది.

ఇంకో జాగ్రత్త మెట్ల దగ్గర. చిన్న స్టేషన్లలో అప్‌టౌన్‌కు ఒక మెట్లదారి, రోడ్డు దాటి అవతలివైపు డౌన్‌టౌన్‌కు ఇంకోటి ఉంటాయి. దిగే ముందు పైన బోర్డు మీద ఏ వైపు అని రాసి ఉంటుంది, చదివి దిగాలి. కార్డు టాప్ చేసి లోపలికి వెళ్ళాక తప్పు వైపని తెలిస్తే, చాలాచోట్ల లోపలినుంచి అవతలికి దారి ఉండదు. బయటికొచ్చి మళ్ళీ డబ్బు కట్టాలి. నేనైతే బయటికి రాను. వచ్చిన రైలే ఎక్కి, పెద్ద స్టేషన్ రాగానే దిగి, అక్కడ లోపలినుంచే అవతలి ప్లాట్‌ఫాంకు మారి వెనక్కి వస్తాను. ఐదు, పది నిమిషాలు పోతాయి, అంతే. అలా చేసినా ఏమీ కాదని వాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. తప్పు రైలెక్కామని తెలియగానే పెద్దవాళ్ళకు వచ్చే కంగారే అసలు ఇబ్బంది, ఆ తప్పు దిద్దుకోవడం చాలా తేలిక.

స్టేషన్ పేరు ఒక్కటే చెప్పి పంపకండి. "23 స్ట్రీట్‌లో దిగండి" అంటే సరిపోదు. ఆ పేరుతో ఐదు వేర్వేరు సబ్‌వే స్టేషన్లు ఉన్నాయి, ఒక్కో అవెన్యూ కింద ఒకటి. ఒకదాన్నుంచి ఇంకోదానికి లోపలి దారి లేదు. 1904లో మొదటి సబ్‌వే మొదలయ్యాక లైన్లన్నీ ఒకే సంస్థ వేసినవి కావు. మూడు వేర్వేరు వ్యవస్థలుగా పెరిగి, 1940లో ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి. అంకెల రైళ్ళు కాస్త ఇరుకుగా, అక్షరాల రైళ్ళు వెడల్పుగా ఉండటం కూడా ఆ నాటి తేడాయే. కాబట్టి ఎప్పుడూ స్టేషన్ పేరు, రైలు పేరు కలిపే చెప్పాలి: "81 స్ట్రీట్, సి రైలు" అని.

డబ్బు సంగతి. 2026 జనవరి నుంచి ఒకసారి ఎక్కితే 3 డాలర్లు, ఎంత దూరమైనా అంతే. పాత వీడియోల్లో కనిపించే పసుపు మెట్రోకార్డ్ కోసం వెతకొద్దు, 2025 చివరితో దాని అమ్మకం ఆపేశారు. ఇప్పుడు ఆమ్నీ అనే పద్ధతి. బ్యాంకు కార్డో ఫోనో గేటు దగ్గర తాకిస్తే చాలు. ఒకే కార్డుతో వాడుతుంటే ఏడు రోజుల్లో 35 డాలర్లు దాటాక మిగతా ప్రయాణాలు ఉచితం. ఫోన్ ఒకసారి, కార్డు ఒకసారి వాడితే రెండూ వేర్వేరు లెక్కలోకి పోతాయి. వాళ్ళు ఇండియా బ్యాంకు కార్డు తెస్తుంటే, విదేశీ వాడకం, టాప్ చేసే సదుపాయం రెండూ యాప్‌లో ఆన్ చేసి రమ్మనండి. చాలా కార్డుల్లో అవి ఆఫ్‌లోనే ఉంటాయి. నా సలహా మాత్రం స్టేషన్ మెషీన్‌లో ఇద్దరికీ చెరో ఆమ్నీ కార్డు కొని, కొంత డబ్బు వేసి ఇవ్వడం. నోట్లు కూడా తీసుకుంటుంది. విడిపోయినా ఎవరి కార్డు వాళ్ళ దగ్గర ఉంటుంది, బ్యాంకు మెసేజ్‌ల టెన్షన్ ఉండదు.

బయటికొచ్చేటప్పుడు టాప్ చేయనక్కర్లేదని తప్పకుండా చెప్పండి. మా మామగారు మొదటి రోజు బయటి గేటు దగ్గర కార్డు పట్టుకుని, ఎక్కడ తాకించాలా అని ఆ ఇనుప చట్రమంతా తడిమారు. వెనక జనం ఆగిపోయారు. ఆయన అలవాటు ప్రకారం అది సరైన పనే, హైదరాబాద్‌లో అలాగే కదా.

ఎడిసన్ నుంచి వచ్చే రైలు విషయంలో ఒక్క హెచ్చరిక. న్యూజెర్సీ నుంచి నడిచే ఎన్‌జే ట్రాన్సిట్ రైలులో ముందు "న్యూవార్క్ పెన్ స్టేషన్" వస్తుంది. పేరు విని దిగిపోయేవాళ్ళు చాలామంది. వాళ్ళు దిగాల్సింది తర్వాత వచ్చే న్యూయార్క్ పెన్ స్టేషన్, ఆ రైలుకు చివరి స్టాపు. అందరూ దిగేదాకా కదలొద్దని చెబితే సరి. ఆ టికెట్ సబ్‌వేలో పనికిరాదు. తిరిగి వచ్చేటప్పుడు ట్రాక్ నంబర్ రైలు కదిలే ముందు కాసేపటికే బోర్డు మీద పడుతుంది, అందరూ ఒక్కసారిగా మెట్లవైపు పరుగెడతారు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు ఆ రద్దీ అమ్మగారి మోకాళ్ళకు మంచిది కాదు. మూడింటికల్లా పెన్ స్టేషన్ చేరేలా ప్లాన్ వేయండి.

మోకాళ్ళ గురించి నిజం చెప్పాలి, ఈ సబ్‌వేలో నాకు ఎప్పుడూ బాధ కలిగించేది ఇదే. మొత్తం 472 స్టేషన్లు, వాటిలో లిఫ్ట్ ఉన్నవి సుమారు మూడో వంతే. మిగతా చోట్ల మెట్లే గతి. మ్యాప్‌లో వీల్‌చెయిర్ గుర్తు ఉన్న స్టేషన్లు మాత్రమే అమ్మగారి కోసం ఎంచండి. బయల్దేరే రోజు పొద్దున ఆ లిఫ్ట్ పనిచేస్తోందో లేదో సబ్‌వే నడిపే ఎంటీఏ సంస్థ యాప్‌లో చూడండి. దగ్గర దూరాలకు బస్సు ఎక్కించండి. అదే కార్డు, రెండు గంటల్లోపు సబ్‌వే నుంచి బస్సుకు మారితే మళ్ళీ డబ్బు పడదు. బస్సు మెట్టు పేవ్‌మెంట్ దగ్గరికి కిందికి వంగుతుంది, ముందు సీట్లు పెద్దవాళ్ళకే. మెట్రోపాలిటన్ మ్యూజియం ముందునుంచి ఫిఫ్త్ అవెన్యూ మీదుగా కిందికి వచ్చే బస్సు ఎక్కితే సెంట్రల్ పార్క్ అంచు, సెయింట్ పాట్రిక్స్ చర్చి, పబ్లిక్ లైబ్రరీ అన్నీ కిటికీలోంచే కనిపిస్తాయి. లైబ్రరీ వెనకే బ్రయంట్ పార్క్, అందులో శుభ్రమైన ఉచిత టాయిలెట్ ఉంది. సబ్‌వే స్టేషన్లలో చాలావాటిలో టాయిలెట్ ఉండదు, ఉన్నా నమ్ముకోలేం. పెద్దవాళ్ళతో తిరిగేటప్పుడు దారి కంటే ముందు ఇది చూసుకోవాలి.

మొదటి రోజుకు నేను చెప్పే ప్రయాణం: పెన్ స్టేషన్‌లో సెవెంత్ అవెన్యూ వైపు వెళ్ళి '1' రైలు, డౌన్‌టౌన్. చివరి స్టాపు సౌత్ ఫెర్రీ. చివరిది కాబట్టి దాటిపోతామన్న భయం లేదు, పగటిపూట ఆ లోకల్ ప్లాట్‌ఫాం మీదికి '1' తప్ప వేరేది మామూలుగా రాదు, రెండు చోట్లా లిఫ్ట్ ఉంది. పైకి వస్తే ఎదురుగానే స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ. పూర్తిగా ఉచితం. ఒక్కో వైపు సుమారు 25 నిమిషాలు. వెళ్ళేటప్పుడు కుడివైపు నిలబడితే స్టాట్యూ ఆఫ్ లిబర్టీ కనిపిస్తుంది. అవతల అందరూ దిగాలి, మళ్ళీ లోపలికి వచ్చి తిరుగు పడవ ఎక్కాలి. అక్కడ జాకెట్లు, మెడలో కార్డులు వేసుకుని "ఫెర్రీ టికెట్" అంటూ దగ్గరికొచ్చేవాళ్ళకు ఒక్క డాలర్ కూడా ఇవ్వొద్దని గట్టిగా చెప్పండి. ఉచిత పడవకు టికెట్ అమ్మేవాళ్ళు ఎవరై ఉంటారో మీకు తెలుసు.

రెండో రోజు ఫ్లషింగ్ గుడి. పెన్ స్టేషన్ నుంచి ఒక్క స్టాపు పైకి, టైమ్స్ స్క్వేర్. అక్కడ '7' రైలు, ఊదా రంగు గుర్తు, చివరి స్టాపు ఫ్లషింగ్ మెయిన్ స్ట్రీట్. '7' గుర్తు గుండ్రంగా ఉన్నా, డైమండ్ ఆకారంలో ఉన్నా రెండూ అక్కడికే వెళతాయి. నది దాటాక రైలు సొరంగంలోంచి పైకి వచ్చి, ఇళ్ళ మేడల ఎత్తున నడుస్తుంది. వెనక్కి తిరిగి చూస్తే మాన్‌హాటన్ భవనాలన్నీ ఒక్క వరసలో నిలబడి ఉంటాయి. మా నాన్న ప్రతిసారీ అక్కడ సీటులోంచి లేచి తలుపు అద్దం దగ్గర నిలబడేవారు. స్టేషన్ నుంచి బౌన్ స్ట్రీట్‌లోని గుడికి 20 నిమిషాలకు పైగా నడక, అమ్మగారిని టాక్సీలో తీసుకెళ్ళమనండి. 1977లో ప్రతిష్ఠ జరిగిన గుడి అది. దర్శనం అయ్యాక కింద క్యాంటీన్‌లో దోసె తినకుండా రావొద్దు. పరాయి ఊళ్ళో రెండు రోజులు బ్రెడ్డు తిన్న మనిషి ముఖంలో ఆ దోసె చూడగానే వచ్చే వెలుగు నేను చాలాసార్లు చూశాను.

భయం గురించి అడిగారు. పగలు పది నుంచి మూడు వరకు, మామూలు పనిరోజుల్లో, నేను మా అమ్మను నిశ్చింతగా పంపాను. నిజానికి వాళ్ళకు మంగళ, బుధవారాలే మంచివి. శని, ఆదివారాల్లో పట్టాల పనులుంటాయి, రైళ్ళు దారి మారతాయి, కొన్ని అసలు నడవవు. జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ప్లాట్‌ఫాం అంచుకు దూరంగా గోడ దగ్గర నిలబడాలి. ప్లాట్‌ఫాం మధ్యలో, పైన నలుపు తెలుపు చారల పలక ఉండే చోటు చూసుకుని అక్కడే ఎక్కాలి. రైలు కండక్టర్ ఉండే పెట్టె సరిగ్గా ఆ పలక ఎదురుగా వచ్చి ఆగుతుంది. రైలంతా కిక్కిరిసి ఉండగా ఒక్క పెట్టె ఖాళీగా కనిపిస్తే అదృష్టం అనుకుని ఎక్కొద్దు. లోపల ఏసీ పనిచేయకపోవచ్చు, భరించలేని వాసన ఉండొచ్చు. తమలో తాము గట్టిగా మాట్లాడుకునేవాళ్ళు, డబ్బులడిగేవాళ్ళు ఎదురవుతారు. వాళ్ళలో చాలామంది జబ్బుతో, దిక్కులేక ఉన్నవాళ్ళు. తేరిపార చూడకుండా ఉంటే చాలు. ఇబ్బందిగా అనిపిస్తే తర్వాతి స్టేషన్‌లో దిగి పక్క పెట్టెలోకి మారాలి. నడిచే రైలులో పెట్టెల మధ్య తలుపు మాత్రం తీయకూడదు. దారి అడగడానికి మొహమాటం వద్దు. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గంభీరంగా కనిపించే మనుషులే, కాగితం చూపించి అడిగితే ఆగి మరీ చెబుతారు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఇద్దరూ విడిపోతే ఏం చేయాలన్నది. తలుపులు ఎవరి కోసమూ ఆగవు. మా ఇంట్లో కట్టడి ఇది: రైలులో ఉండిపోయినవాళ్ళు తర్వాతి స్టేషన్‌లో దిగి, ఆ ప్లాట్‌ఫాం మీదే కదలకుండా కూర్చోవాలి. ప్లాట్‌ఫాం మీద మిగిలినవాళ్ళు అదే గుర్తున్న తర్వాతి రైలెక్కి అక్కడికి రావాలి. ఇద్దరూ వెతుక్కుంటూ తిరగకూడదు. ఒక డిసెంబరులో 42 స్ట్రీట్ దగ్గర మా పెద్దమ్మ ఎక్కేసింది, నా ముందు తలుపు మూసుకుంది. అద్దంలోంచి నన్ను చూసి చెయ్యి ఊపింది, రైలు వెళ్ళిపోయింది. సొరంగంలో ఫోన్ కలవదు. నాలుగు నిమిషాలకు నేను తర్వాతి రైలులో దిగేసరికి, బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసుకుని కూర్చుని ఉంది. "కదలొద్దన్నావుగా, కదల్లేదు" అంది. మీకు ఆఫీసులో ఫోన్ కలవకపోతే కూడా ఇది గుర్తుంచుకోండి. స్టేషన్లలో సిగ్నల్ వస్తుంది, మధ్యలో పోతుంది, అంతే.

ఒక కాగితం రాసి ఇద్దరి జేబుల్లోనూ పెట్టండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా అది ఉంటుంది. మా నాన్న పాత తెలుగు క్యాలెండర్ కాగితం వెనక రాసుకునేవారు: ఎక్కే స్టేషన్, పైకో కిందికో, రైలు అక్షరం ఇంగ్లిష్‌లో పెద్దగా, ఎన్నో స్టాపు, దానికి ముందు స్టాపు పేరు. ఆ ముందు స్టాపు పేరు రాయడం ఆయన ఆలోచనే. అది వినపడగానే లేచి తలుపు దగ్గరికి వెళ్ళేవారు. కింద మీ ఫోన్ నంబర్, ఇంటి చిరునామా.

శనివారం మీరు వాళ్ళను తీసుకెళ్ళేటప్పుడు, పెన్ స్టేషన్ నుంచి సౌత్ ఫెర్రీ దాకా ఆ దారినే ఒకసారి వెళ్ళండి. కాగితం నాన్నగారి చేతికిచ్చి, మీరు నాలుగడుగులు వెనక నడవండి. తప్పు మెట్లవైపు వెళ్ళినా వెంటనే పిలవకండి. బోర్డు దగ్గర ఆగి, కళ్ళజోడు సవరించుకుని, కాగితం ఒకసారి, బోర్డు ఒకసారి చూసి ఆయనే వెనక్కి తిరుగుతారు. ఆ తిరగడం మీరు చూశారంటే మంగళవారం ఆఫీసులో ప్రశాంతంగా కూర్చోవచ్చు.